హ్యాండిలుకు కట్టిన రుమాలు

"బెల్టు మనిషిని నలిపేస్తది సార్, ఒప్పుకుంట. సచ్చినోని జేబులు గూడ తిరగేస్తదా?"

హేమ ఈ మాట అడగడం పొద్దుటి నుంచి ఇది మూడోసారి. మూడోసారి కూడా వాదిరాజ్ టీ గ్లాసు కింద పెట్టలేదు.

"దిగినోళ్ళెవరో బీడీల కోసం ఎతికుంటరు."

"బీడీకట్ట పీనుగు పక్కనే పడుండె. ఎవరూ తీస్కపోలే."

"చూడమ్మా హేమా, సచ్చినోనిది సగం తప్పు, బటన్ ఒత్తినోనిది సగం తప్పు. ఇంగ దీంట్ల ఖూనీ ఎక్కడిది? ఐదు గంటలకు ఆ హనుమంతను మెజిస్ట్రేట్ ముందర నిలబెడ్త, అయిపాయె. రెండు గంటలకు బెల్టు ఇడవాల. పాత బొగ్గు రాశి ఎత్తాల్నని కరెంటు స్టేషనోళ్ళు నా ప్రాణం తీస్తున్నరు."

హేమకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎస్సైగా చేరి ఏడు నెలలు. సర్కిల్ ఇన్‌స్పెక్టరు సెలవులో ఉండబట్టి చేతికందిన మొట్టమొదటి హత్య కేసు. అసలు దాన్ని హత్య అంటున్నది ఈ ఠాణాలో తనొక్కతే. వాదిరాజ్ రాయచూరు నుంచి వచ్చిన క్రైమ్ ఎస్సై, పదేళ్ళు సీనియర్. కొత్తపిల్లకు తోడుగా ఉండమని పంపితే, ఆ మహానుభావుడు నిన్న సాయంత్రం గంటలో పంచనామా ముగించి, ఒకణ్ణి లాకప్పులోకి తోసి, హాయిగా నిద్రపోయి వచ్చాడు. ఒక మనిషి చావును ఇంత తేలిగ్గా కట్టగట్టి పక్కన పెట్టేయవచ్చని ఆమెకు ట్రైనింగులో ఎవరూ చెప్పలేదు.

"ఐదింటి దాకా టైముంది కదా సార్. అంతవరకు కేసు నాది," అని లేచింది.

"నీదేనమ్మా, తల్లీ. ఎవరు కాదన్నరు?" అని వాదిరాజ్ నవ్వాడు. ఆ నవ్వుకే ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

గడియారం పదకొండూ పది చూపిస్తోంది.

లాకప్పులో హనుమంత మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని కూర్చున్నాడు. కరెంటు స్టేషన్లో సొరంగం గుండా బొగ్గు మోసే నాలుగో నంబరు బెల్టును నడిపేది అతనే. నిన్న మధ్యాహ్నం ఆ బెల్టు కొసన తిరిగే తోక డ్రమ్ము కింద, రాలిన బొగ్గు గీకుతున్న కల్లూరు బీరప్ప నలిగి చచ్చిపోయాడు. బెల్టు కదిలించిన వేలు హనుమంతదే. ఆ సంగతి అతను ఒక్కసారి కూడా కాదనలేదు.

"ఎన్నింటికి ఒత్తినవ్?"

"ఒకటి యాభై రెండుకమ్మా. 'బెల్టు ఇడువు' అని కంట్రోల్ రూం కెళ్ళి ఫోనొచ్చింది. యాభై దాక నేను కంట్రోల్ రూంలనే ఉంటి. బుక్కుల రాసుంటది చూడున్రి."

"ఒత్తే ముందర ఏం చూసినవ్?"

"హ్యాండిలు చూసిన. ఖాళీ ఉండె."

"సరింగ చూసినవా?"

హనుమంత తలెత్తాడు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. "పదకొండేండ్ల సర్వీసమ్మా నాది. హ్యాండిలు మీద రుమాలుంటే చీఫ్ ఇంజనీరు వచ్చి ఒత్తుమన్నా ఒత్త. కాలు మొక్కినా ఒత్త. లేకుండె. రుమాలు లేకుండె."

"లోపలికి తొంగి చూస్తే పోయేదానికి?"

"సొరంగంల ఏం కనపడ్తదమ్మా, తోక డ్రమ్ము ఏడనో ఆ కొసకు ఉంటది. పక్కన మూడో బెల్టు గలాటకు కేకేసినా వినపడది. అందుకే గద రుమాలు కట్టేది!"

అక్కడి పద్ధతి అది. స్టేషన్ వాళ్ళకు ఎర్ర అట్టలు, సంతకాలు, పర్మిట్లు ఉన్నాయి. అవి చదువుకున్నవాళ్ళ కోసం. కంట్రాక్టు కూలీల్లో చదువొచ్చినవాళ్ళు ఎందరు? అందుకని మిషను లోపలికి దిగే కూలీ తన తలకున్న రుమాలు తీసి స్విచ్చి పెట్టె ఎర్ర హ్యాండిలుకు ముడేసి దిగుతాడు. రుమాలు ఉన్నంతసేపూ లోపల మనిషి ఉన్నట్టు. బయటికొచ్చి అతనే విప్పుకుంటాడు.

కానీ బీరప్ప రుమాలు శవం మెడలోనే దొరికింది. కట్టకుండా దిగాడు, కాబట్టి సగం తప్పు అతనిదని వాదిరాజ్ రాసింది అందుకే.

"బీరప్ప పీనుగు కాడికి మొదలు దిగిందెవరు?"

"మా కూలోళ్ళ మీద ముకద్దం హుసేనప్ప. మోటరు గీపెట్టి నిలబడంగనే నేను కేకేసిన. ఆయినె బయట నుంచి ఉరికొచ్చి, మేం మెట్లు దిగేలోపలే కిందున్నడు. పీనుగును ఒళ్ళె పెట్టుకోని తల బాదుకుంట ఏడ్సిండు. బీరప్ప ఆయినకు తమ్ముని లెక్కనమ్మా."

హేమ ఆ మాట రాసుకుని బయటికి వచ్చింది. ఠాణా వసారాలో బీరప్ప పెళ్ళాం శరణమ్మ కూర్చుని ఉంది. ఏడుపు అయిపోయి, ఇక రాక, ఒట్టి గొంతు మిగిలిన మనిషి.

"అక్కా, ఆయినకు ఎవరితోనన్నా పడదా?"

"ఆయిన ఎవరితోని పంచాయితీ పెట్టుకుంటడమ్మా? నోట్లె నాలుక లేని మనిషి. మా ఆడబిడ్డ పోయినకాడ్నించి అయితె మొత్తానికే మాటలు బందు."

"ఆడబిడ్డ ఎక్కడికి పోయింది?"

శరణమ్మ మొహం చిట్లించుకుంది. "అయ్యమ్మ. ఆయిన చెల్లెలు. ఈడనే బొగ్గు పనికొస్తుండె. హోళి ముందర గబ్బూరు లారోనితోని లేచిపోయింది. చిన్నపిల్లను మా మీద పడేసి పోయింది. గేటుకాడ ఇచ్చే టోకెను గూడ ఎత్తుకపోయిందని ముకద్దమే రాయించిండు. దాని పేరు ఎత్తకున్రి."

"ఈమధ్య ఆయిన ఏమన్నా చెప్పిండా?"

"మూడు దినాల కింద పాత రాశి కాడ పని చేసొచ్చిండు. ఆ దినం కెళ్ళి ముద్ద ముట్టలే. ఏందయ్యా అంటె, 'రెండు దినాలు ఊకో, ఒకరిని అడగాలె, అడిగి చెప్త' అన్నడు."

ఎవరిని అడగాలో మాత్రం చెప్పలేదట.

స్టేషన్ గేటు దాటి సొరంగం దగ్గరికి చేరేసరికి పన్నెండున్నర. హేమ వెంట హెడ్ కానిస్టేబుల్ అమరేశప్ప, అతని చేతిలో సీలు వేసిన సామాను మూట. అమరేశప్ప కల్లూరు పక్కవాడే. ఆరు నెలల్లో రిటైరయ్యే మనిషి, పక్కనే ఉన్నా అడిగితే తప్ప నోరు విప్పడు.

సొరంగం గుమ్మం దగ్గర ఒక కుర్చీ, ఒక వాచ్‌మన్, ఒక పుస్తకం. నిన్నటి పేజీలో మధ్యాహ్నం ఒకటి నుంచి ప్రమాదం దాకా మూడే పేర్లున్నాయి. బీరప్ప ఒకటి ఇరవై ఐదుకు లోపలికి. హుసేనప్ప ఒకటి ముప్పై ఐదుకు లోపలికి, నలభై ఏడుకు బయటికి. హనుమంత ఒకటి యాభైకి లోపలికి.

"ఇంకో దారి ఉందా?"

"లేదమ్మా," అన్నాడు వాచ్‌మన్. "ఎలుక గూడ నన్ను దాటే పోవాలె."

హేమ వాదిరాజ్ ఫైలు తెరిచింది. హుసేనప్ప బయానును ఆయన స్వయంగా రాసుకున్నాడు. 'బీరప్పకు నీళ్ళిద్దామని దిగిన. అప్పటికి రుమాలు వాని మెడలనే ఉండె. కట్టలేదేందిరా అంటె, కడ్తలే, అన్నా, అన్నడు. నేను పైకొచ్చిన.' కింద వేలిముద్ర. చక్కగా అతికినట్టుంది. మరీ చక్కగా అతికినవాటిని చూస్తే హేమకు చిన్నప్పటి నుంచీ అనుమానం.

గుమ్మం లోపల నాలుగడుగుల్లో స్విచ్చి పెట్టె. జానెడు పొడుగు ఇనుప హ్యాండిలు, నిగనిగలాడే ఎర్ర రంగు. ముట్టుకుంటే వేలికి కొంచెం జిగురు తగిలింది.

"ఎప్పుడేసిన్రు ఈ రంగు?"

"నిన్న పొద్దుగాలనే," అన్నాడు వాచ్‌మన్. "వచ్చే వారం తనిఖీ అంట, కనపడ్డదానికల్లా రంగేస్తున్నరు. ఈ వానల్ల ఏడ ఆర్తది!"

హేమ వంగి కళ్ళు దగ్గరగా పెట్టి చూసింది. హ్యాండిలు మధ్యలో రంగు రెండు వేళ్ళ మేర చెదిరి ఉంది. అక్కడ రంగులో ఇరుక్కుని, సన్నగా, మూడు తెల్ల నూలు పోగులు.

ఆమె ఆ పోగుల మీంచి చూపు తిప్పకుండానే చెయ్యి చాపింది. "అమరేశప్పా, రుమాలు తియ్యి."

మూట విప్పారు. బొగ్గు మసి పట్టిన తెల్ల రుమాలు. నిన్న అందరూ చూసిందే, ఎవరూ సరిగ్గా చూడనిది. నడుమ పెద్ద ముడి బిగుసుకుని ఉంది. ముడి నుంచి రెండు చెంగులు మామూలుగా వేలాడుతున్నాయి. ఇంకో వైపు, ఉచ్చులా గుండ్రంగా ఉండాల్సిన చోట, గుడ్డ తెగి రెండు మొనలుగా ఉంది. చిరగలేదు, పీలికలు కాలేదు. పదునైన కత్తితో ఒక్క వేటుకు కోసిన కోత. ఆ మొనల లోపలి పక్క ఎర్ర రంగు మరక.

కట్టాడు. బీరప్ప రుమాలు కట్టే దిగాడు. హనుమంత వచ్చేలోపు దాన్ని ఇంకెవరో కోసి తీసేశారు. చెయ్యి చేసుకోలేదు, గొంతు నులమలేదు, ఒక గుడ్డముక్క తీసేసి ఊరుకున్నారు. మిగతాది పాపం ఆ అమాయకుడు హనుమంత చేతులతో జరిగిపోయింది! తరువాత శవం మీద పడి ఏడుస్తున్న వంకతో అదే గుడ్డను మెడలో వేశారు.

"ముడి ఇప్పక కోసుడెందుకు? ఇప్పితే మనకు అనుమానమే రాకపోతుండె గదా," అని హేమ గోటితో ముడి అంచు పట్టుకుంది.

"అమ్మా, ముట్టకున్రి!"

ఏడు నెలల్లో అమరేశప్ప గొంతు పెంచడం అదే మొదలు. హేమ ఉలిక్కిపడి చెయ్యి తీసేసింది.

"కట్టినోడే ఇప్పాలమ్మా. ఇంకోడు ముట్టరాదు. సొంత అన్నదమ్ములదైనా ముట్టరు. కట్టినోడు రాకపోతె, వాని ఇంటోళ్ళొచ్చి ఇప్పాలె. ఈ కూలోళ్ళకు అది దేవుని లెక్క."

"ముడి ఇంత లావుందేంది?"

"మెడల టోకెను తాడుంటది గద. డ్రమ్ముకు తాడు తట్టుకుంటదని, దిగేముందర దాన్ని తీసి ఈ ముడిల కట్టిపోతరు. ఇంతకంటె భద్రమైన జాగ లేదు. ఎవరూ ముట్టరు గదా."

హేమ రుమాలును జాగ్రత్తగా మూట మీద పరిచి పెట్టింది. తనది రాయచూరు బేరూన్ కిల్లా పేట. ఇంట్లో తెలుగు, వీధిలో ఉర్దూ, బళ్ళో కన్నడం. ఎన్ని భాషలు వస్తే ఏం లాభం, బస్సెక్కితే గంట దూరంలో ఉన్న మనుషుల ముడి సంగతి తెలియలేదు. తెలిసినవాణ్ణి పక్కన పెట్టుకుని కూడా అడగలేదు.

"ఎస్సై సారును, ముకద్దాన్ని, శరణమ్మను ఈడికే పిలుచుకరా. హనుమంతను గూడ. జల్ది."

అందరూ వచ్చేసరికి ఒకటీ నలభై. రెండో షిఫ్టు కూలీలు కూడా గుమ్మం ముందు చేరారు. ఉక్కలో నడిచి వచ్చిన వాదిరాజ్ చెమటలు కక్కుతున్నాడు.

"ఏందమ్మా ఇది, జాతర పెట్టినవా? రెండింటికి బెల్టు ఇడవాలని చెప్పలే?"

హేమ రుమాలు ఎత్తి చూపించింది. రంగు చూపించింది, పోగులు చూపించింది, కోత చూపించింది. వాదిరాజ్ మొహంలో నవ్వు కొంచెం కొంచెంగా జారిపోయింది. అయినా సీనియారిటీ ఊరుకోనివ్వదు కదా.

"సరే, కోసిన్రు. ఇంజనీర్లు ఉన్నరు, ఫిట్టర్లు ఉన్నరు, ఎవడైనా కోసుండొచ్చు. ముడి బిగుసుకుపోయింటది, కోసిండు. ఏం గొప్ప ముడి అది, ఇటియ్యి," అని చెయ్యి చాపాడు.

కూలీల గుంపు ఒక్కసారిగా "ఆఁ!" అంది. హేమ రుమాలు వెనక్కి లాక్కుంది.

"చూసిన్రా సార్, మీ చెయ్యి ఎంత తేలిగ్గ వచ్చిందో. ఇంజనీరైనా, ఫిట్టరైనా అట్లనే ఇప్పి పడేస్తుండె. కత్తి ఎందుకు తీస్తడు? ఈ ముడి ముట్టుకుంటె చెయ్యి కాలుతదని భయపడేటోడే కోసిండు. అంటే వీళ్ళల్ల ఒకడు." ఆమె హుసేనప్ప వైపు తిరిగింది. "ముకద్దం, నువ్వు ఇప్పు."

హుసేనప్ప యాభై ఏళ్ళ మనిషి. బలమైన భుజాలు, నుదుట విభూతి, నడుముకు బెల్టు కోసే వంకకత్తి. నిన్నటి నుంచి శరణమ్మకు నీళ్ళు తాగించినవాడు, పాడె సామాను తెప్పించినవాడు. అతను రెండడుగులు వెనక్కి వేశాడు. చేతులు వెనక్కి పోయాయి.

"నేను... నేను ముట్టరాదమ్మా. వాని ఇంటోళ్ళు ఇప్పాలె."

"నువ్వు దిగినప్పుడు రుమాలు వాని మెడల ఉండె అన్నవ్. ఈ పచ్చి రంగు మెడల అంటుకుందా?"

హుసేనప్ప శరణమ్మ వైపు ఒక చూపు చూసి మొహం తిప్పుకున్నాడు.

"ఒకటి ముప్పై ఐదు నుంచి నలభై ఏడు దాక ఈడ నువ్వు తప్ప పురుగు లేదు. నీ నడుముకున్న ఆ కత్తి తప్ప ఇంకో కత్తి లేదు. పీనుగు మెడల రుమాలు ఏసే సందు దొరికింది గూడ నీకొక్కనికే. మాట్లాడవేం?" హేమ ఒక అడుగు ముందుకేసింది. "ముడి ఇప్పితే పాపమని తెలిసింది గానీ, మనిషిని చంపితే పాపమని తెల్వలేదా నీకు? ఏ పుస్తకంల రాసుందయ్యా అది?"

"జర నెమ్మదిగమ్మా," అని గొణిగాడు వాదిరాజ్. "ఎందుకు చంపుతడు? కారణం కావాలె గదా."

అది సరైన ప్రశ్నే. ఆ ఒక్క ప్రశ్నకే హేమ దగ్గర ఇంకా జవాబు లేదు. కూలీలు ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు. హుసేనప్ప ఆ సందు చూసి గొంతు సవరించుకున్నాడు. "వాడు నా తమ్ముని లెక్క..."

హేమ అతన్ని పట్టించుకోకుండా శరణమ్మ దగ్గరికి వెళ్ళింది. "అక్కా, నీ పెనిమిటి కట్టిన ముడి. నువ్వే ఇప్పాలె."

శరణమ్మ వేళ్ళు కాసేపు ముడి మీద ఊరికే తిరిగాయి. ఎన్నిసార్లు చూసిన ముడో అది. తరువాత పళ్ళతో ఒక మడత లాగి, గోటితో ఇంకో మడత సడలించింది. ముడి విడిపోయింది. ఇత్తడి బిళ్ళ ఒకటి ఆమె అరచేతిలో పడింది. ఎనభై ఆరు. బీరప్ప టోకెను.

దాని వెనకే ఇంకొకటి జారింది.

నూట పదిహేడు. పాత మసి పట్టి నల్లబడిన బిళ్ళ. దాని తాడు సగం తెగి ఉంది. మిగిలిన సగం పచ్చ చీర అంచును చింపి పేనిన తాడు.

శరణమ్మకు అంకెలు చదవడం రాదు. ఆమె తాడునే చూసింది. చూస్తూ చూస్తూ నేలమీద కూలబడింది.

"గిది అయ్యమ్మది," అంది. "గీ తాడు నేనే పేనిన, నా పెండ్లి చీర అంచు సింపి."

ముందు వరుసలోని కూలీలు ఆ బిళ్ళ చూడ్డానికి వంగారు.

"టోకెను ఎత్తుకపోయింది అన్నరు గదా! లారోనితోని పోయింది అన్నరు గదా! గిది ఈడనే ఉంటె అదెట్ల పోయింది?" ఆమె గొంతు ఒక్కసారిగా లేచింది. "వాడకట్టంత దాని బిడ్డను లేచిపోయినదాని బిడ్డ అంటుంటె నేను ఊకున్న. ఊకునుడేంది, నేనే అన్న. బతికుండంగనే దాని పేరు మీద నీళ్ళిడిసినం. హుసేనప్పా, నీ నోటితోని నువ్వే చెప్తివి గదరా నాకు, లారీ ఎక్కంగ చూసిన అని! ఏం చేసినవ్రా మా పిల్లను?"

హేమకు ఒక్కొక్కటే అర్థమైంది. మూడు రోజుల కింద పాత రాశి దగ్గర బీరప్పకు దొరికింది ఈ బిళ్ళ. అడగాల్సిన మనిషి ఎవరో కాదు, చెల్లెలు లారీ ఎక్కగా చూశానన్నవాడే. అడిగాడు. అడిగినందుకే చచ్చాడు. ఈ బిళ్ళ కోసమే జేబులు తిరగేశారు. అది ముడిలో ఉంటుందన్న ఆలోచన వచ్చి ఉన్నా, ఆ ముడి విప్పే ధైర్యం హుసేనప్పకు లేదు.

"అయ్యమ్మ ఎక్కడ?" అంది.

హుసేనప్ప కళ్ళు ఒక్క క్షణం అటు పోయాయి. సొరంగం అవతల, టార్పాలిన్ తీసేసిన పాత బొగ్గు రాశి. హోళి ముందర పోసి, తొక్కించి, ఇన్నాళ్ళూ ఎవరూ కదిలించనిది. దాని పక్కన బుల్డోజరు అప్పటికే పొగ వదులుతోంది. బుల్డోజరు బొగ్గును బెల్టు మీదికి తోస్తుంది, బెల్టు మిల్లులో పోస్తుంది, మిల్లు నలిపి పొయ్యిలో ఊదుతుంది. సాయంత్రానికి అయ్యమ్మ బూడిదై, స్టేషన్ బూడిద వదిలే చెరువులో కలుస్తుంది. ఇక ఆమె ఎప్పటికీ లేచిపోయిన ఆడదే.

రెండు గంటల సైరన్ మోగింది. స్విచ్చి పెట్టె పక్కన ఫోను కూడా మోగడం మొదలుపెట్టింది.

వాదిరాజ్ ఫోను ఎత్తాడు, విన్నాడు, చేత్తో మూశాడు. "బెల్టు ఇడవమంటున్నరు. ఆపాలంటె పైనుంచి రాసిన కాగితం కావాలంట. రాయచూరు కెళ్ళి కాగితం వచ్చేసరికి పొద్దుగూకుతది హేమా. మనతోని కాదు."

మనతో కాదట! హేమ జేబులో నుంచి తన దస్తీ రుమాలు తీసింది. యూనిఫాం మీద పేరు పలక ఊడబెరికి, దస్తీ మధ్యలో పెట్టి, ఎర్ర హ్యాండిలు చుట్టూ తిప్పి, పళ్ళతో లాగి ముడి బిగించింది. ఒకటి కాదు, రెండు. తెల్ల దస్తీకి ఎర్ర రంగు అంటుకుంది.

"చెప్పున్రి సార్ వాళ్ళకు, లోపల మనిషి ఉన్నదని. నేను కట్టిన, నేనే ఇప్పుత. ఆ పిల్ల బయటికొచ్చినంక."

హనుమంత బేడీల చేతులతోనే వచ్చి స్విచ్చి పెట్టెకు అడ్డంగా నిలబడ్డాడు. కూలీల్లో ఒకడు బుల్డోజరు వైపు పరుగెత్తాడు, వాడి వెనకే మిగతావాళ్ళు. అమరేశప్ప హుసేనప్ప నడుముకున్న కత్తి లాగేసుకుని, ఆ రెండు చేతులనూ వెనక్కి విరిచి పట్టుకున్నాడు.

వాదిరాజ్ ఒక్కసారి ఆ ముడి వైపు చూశాడు. ఇందాక ఇలాంటి ముడికే చెయ్యి చాపిన మనిషి, ఈసారి చాపలేదు. ఫోను చెవికి పెట్టుకుని, "బెల్టు ఇడవరాదు," అన్నాడు. "లోపల మనిషి ఉన్నది."